రెండు రౌటర్ల నడుమ మా అవ్వ మాట

భారత టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

అయ్యా,

కోయంబత్తూరు పీళమేడు వైపు ఉన్న మా పాత ఇంట్లో ముందరకట్టులో ఒక రౌటరు, వెనకకట్టులో ఇంకో రౌటరు ఉన్నాయి. నడుమ ఉన్నది అరవై అడుగుల దూరం, రెండు మట్టిగోడలు, మేం తొట్టి అనే పైకప్పు లేని నడిముంగిలి. నిరుడు ఎనిమిది నెలల పాటు మా అవ్వ మాట ఈ అరవై అడుగులు దాటడానికి పట్టిన సమయం, సముద్రాలు దాటి అమెరికా చేరడానికి పట్టిన సమయం కంటే ఎక్కువ. మాటవరసకు అంటున్నది కాదు, కొలిచి చెబుతున్నాను. ఆ కొలతలు రాసుకున్న నోటుపుస్తకం నా ముందరే ఉంది.

అవ్వకు ఎనభై నాలుగేళ్ళు. ఆమె మునిమనవడు న్యూజెర్సీలో ఉన్నాడు, వాడికి ఆరేళ్ళు. ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు, అంటే వాళ్ళకు పొద్దెక్కే వేళకు, వీడియో కాల్ చేస్తాడు. అవ్వ ప్రతిసారీ ఒకే మాటతో మొదలుపెడుతుంది: "తింటివా సామీ?" వాడు "తిన్నా అవ్వా, దోసె" అంటాడు. ఆ "తిన్నా" ఇక్కడికి చేరేలోగా, బిడ్డకు వినపడలేదేమోనని అవ్వ మళ్ళీ అడుగుతుంది. సరిగ్గా అప్పుడు వాడి జవాబు వచ్చి ఆమె రెండో ప్రశ్న మీద పడుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. కొన్ని వారాలు ఇట్లా గడిచాక వాడు అవ్వను వదిలి, పక్కనున్న మా తమ్ముడితో ఇంగ్లీషులో మాట్లాడసాగాడు. అవ్వ "సరే సరే, బాగుండు సామీ" అని ఫోను మా చేతికిచ్చి లేచిపోవడం అలవాటు చేసుకుంది.

ఇంటి సంగతికి ఢిల్లీ దాకా లేఖ ఎందుకో మీకు అర్థం కావాలంటే, మా తెలుగు ఎట్లా బతుకుతోందో చెప్పాలి. విజయనగర రాజుల కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ, ఆ తర్వాతా దక్షిణానికి వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళ సంతతి మేం. మధురలో విశ్వనాథ నాయకుడి ఏలుబడి మొదలైంది 1529లో. అంటే మాలో కొన్ని కుటుంబాలు వచ్చి ఐదు వందల ఏళ్ళు కావస్తోంది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షలకు పైమాటే. అయితే ఈ తెలుగుకు నోరుంది గానీ రాత లేదు. పెళ్ళిపత్రిక తమిళంలో, దుకాణం పద్దు తమిళంలో, పిల్లల చదువు తమిళంలోనో ఇంగ్లీషులోనో. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మా వలస కథను నవలలుగా రాశారు, వాటిలో రెండోదానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవీ తమిళంలోనే. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, చేతికొచ్చే లిపి ఒకటి. ఇందులో ఎవరి తప్పూ లేదు, శతాబ్దాలుగా అట్లా సాగింది.

మా అవ్వకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను నలభై దాటాక కూర్చుని నేర్చుకున్నాను. మునిమనవడికి ఆమె తన తెలుగు ఇవ్వాలంటే నోటితోనే ఇవ్వాలి. మెసేజీ పెట్టలేదు, ఉత్తరం రాయలేదు. వేరేవాళ్ళకు వీడియో కాల్‌లో ల్యాగ్, అంటే మాట చేరడంలో ఆలస్యం, వస్తే చిరాకు. మాకు ఆ ల్యాగ్ వచ్చిన ప్రతి ఆదివారం ఒక తరం మాట ఇంకో తరానికి చేరకుండా పోయింది.

దీనికి లెక్క ఉంది. 2009లో పది భాషల సంభాషణలను కొలిచిన పరిశోధకులు, ఒకరు ముగించాక మరొకరు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు పడుతుందని తేల్చారు. ఒక్కో భాషకూ కొద్ది తేడాలున్నా, మనిషి ఎక్కడైనా మనిషే. అంతర్జాతీయ టెలికాం సమాఖ్య సిఫారసు ప్రకారం ఒకవైపు ప్రయాణానికి మాట 150 మిల్లీసెకన్లు దాటకపోతే మాట్లాడుకునేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. ఇక్కణ్ణుంచి న్యూజెర్సీ 13,000 కిలోమీటర్లకు పైన. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తీగ గీత గీసినట్టు నేరుగా పోదు, ఒడ్డు ఒడ్డునా ఆగి ఆగి పోతుంది. ముందరకట్టులో తీగకు తగిలించిన కంప్యూటరు నుంచి చూస్తే, పోయి రావడానికి 240 మిల్లీసెకన్లు. ఒకవైపు 120 అనుకోండి. 150లో 120 సముద్రానికే పోయింది. ఇక మిగిలింది 30. దాంట్లోనే మా ఇల్లు సర్దుకోవాలి.

మా ఇల్లు సర్దుకోలేదు. లైను ఇచ్చిన సంస్థకు ఫోను చేశాం. వాళ్ళ మనిషి వచ్చాడు. మంచి కుర్రాడు, ఎండలో తిరిగి తిరిగి వచ్చినవాడు. ముందరకట్టులో పెట్టె పక్కన నిలబడి తన ఫోనులో స్పీడు చూపించాడు, 100 వస్తోంది. "ఫుల్ స్పీడు వస్తోంది కదండీ" అన్నాడు. వెనకకట్టుకు రమ్మంటే, "అది మా లైను కాదు, మీ సొంత రౌటరు" అన్నాడు. కంప్లయింటు తీరినట్టు మెసేజీ వచ్చింది. ఇట్లా మూడుసార్లు జరిగింది.

స్పీడు వేరు, ల్యాగ్ వేరు. మా తాతలు ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలినవాళ్ళు, అందుకని నేను దాన్ని కపిలతోనే అర్థం చేసుకున్నాను. బాన పెద్దదైతే ఒక్కసారికి ఎక్కువ నీళ్ళొస్తాయి. అది స్పీడు. ఎద్దులు దిగుడుబాట కిందికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, బాన తిరిగి నీళ్ళలో మునిగేదాకా పట్టే సమయం ఇంకొకటి. ఎంత పెద్ద బాన కట్టినా ఎద్దులు బాటలో నిలబడిపోతే కాలువలో నీళ్ళు తెగుతాయి. సినిమా చూసేవాడికి బాన కావాలి. మాట్లాడేవాడికి ఎద్దుల నడక కావాలి. మీ ఆపరేటర్ల ప్రకటనలన్నీ బానను చూపిస్తాయి, ఎద్దుల ఊసు ఎత్తవు.

అప్పుడు మేమే వెతకడం మొదలుపెట్టాం. మోటార్లు, పంపులు, గ్రైండర్లు చేసే ఊరు మాది. మోటారు ఆగితే మా మెకానిక్కు దాన్ని తిట్టుకుంటూ కూర్చోడు. కరెంటు వస్తోందా, కెపాసిటర్ పోయిందా, వైండింగు కాలిందా అని ఒక్కొక్క భాగాన్నీ విడదీసి చూస్తాడు. సూలూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు ఈ ఊరికి నేర్పిన విద్య అది. విప్పి చూడందే దేన్నీ నమ్మని మనిషాయన. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆ వంతెన కింది నుంచి రోజూ పోయేవాణ్ణి. ల్యాగ్‌ను మాత్రం విడదీసి చూడాలని నాకు తోచడానికి ఆరు నెలలు పట్టింది.

విడదీయడం కష్టమేమీ కాదు. అవ్వ కూర్చునే చోట కంప్యూటరు పెట్టి మూడు చోట్లకు పింగ్ చేశాను, అంటే ఒక చిన్న కబురు పంపి జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూశాను. మొదట, పక్కనే ఉన్న వెనకకట్టు రౌటరుకు: 2, 3 మిల్లీసెకన్లు. తర్వాత ముందరకట్టు రౌటరుకు: ఒకసారి 40, ఒకసారి 310, ఒకసారి 600, మధ్యమధ్య అసలు జవాబే లేదు. ఆ తర్వాత బయటి సర్వరుకు: ముందరి అంకెకే ఇంకో పాతిక చేరింది. అంటే జబ్బు ముందరి పెట్టెలో లేదు, బయటి లైనులో లేదు. రెండు రౌటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట ఉంది. ఈ మూడు పింగులు చేయడానికి పట్టింది పది నిమిషాలు. ఆ కుర్రాడికి ఎవరైనా నేర్పి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క అనుమానం. అవ్వకేమో గ్రైండరు మీద. "అది తిరిగేటప్పుడే మాట పోతుందిరా, దాన్ని నిలపండి" అనేది. గ్రైండరు తిప్పీ ఆపీ ఒక వారం కొలిచాను, తేడా లేదు. దాని మోటారు చేసే రొద మన చెవికే గానీ రౌటరుకు కాదు. తేడా కనపడింది మైక్రోవేవ్ ఓవెన్ దగ్గర. అది వాడే తరంగాలూ, మా రౌటర్ల నడుమ నడిచే తరంగాలూ ఒకే పట్టీలో, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఏడు గంటలకు కూర వేడిచేసుకుంటే పింగ్ రెండింతలయ్యేది.

అయినా అది పైపై సంగతి. అసలు కారణం ఆ రెండో రౌటరును పెట్టిన తీరులో ఉంది. దాన్ని రిపీటరుగా పెట్టాం. రిపీటరంటే నడుమ నిలబడి, ఇటువైపు విన్నదాన్ని అటువైపు మళ్ళీ పలికేది. ఒకే రేడియో ఉన్నదైతే వింటున్నప్పుడు పలకలేదు, పలుకుతున్నప్పుడు వినలేదు. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు నడవాలి. అందువల్ల స్పీడు సగం పడిపోతుందని పెట్టె మీద ఎక్కడా రాయరు. దానికి తోడు వైఫైకి ఒక మర్యాద ఉంది: గాలి ఖాళీగా ఉందో లేదో విని, ఖాళీ అయితేనే పలుకుతుంది, పలికింది చేరలేదని తెలిస్తే కాసేపాగి మళ్ళీ పలుకుతుంది. గోడ మింగేసిన ప్రతి మాటకూ ఈ ఆగడం, మళ్ళీ పలకడం తప్పదు. అంకె 40 నుంచి 600కు దూకడానికి కారణం అదే. ఒకే తీరు ఆలస్యమైతే మనిషి సర్దుకుంటాడు. ఎప్పుడెంతో తెలియని ఆలస్యానికి ఎవరూ సర్దుకోలేరు.

మా గోడలు అడుగున్నర మందం. మట్టిగోడకు తడి పట్టే గుణం ఉంది, తడి రేడియో తరంగాలను తాగేస్తుంది. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో పరిస్థితి ఇంకా దిగజారడం నోటుపుస్తకంలో కనపడుతోంది. వెనకకట్టు గోడకు ఆనించి అవ్వ ఇనుప బీరువా ఉంది. రౌటరును ఎవరికీ అడ్డు రాదని సరిగ్గా ఆ బీరువా మీద పెట్టాం. ఇది చాలా ఇళ్ళలో చేసే పొరపాటు. సిగ్నలు ఎక్కడ అందడం లేదో అక్కడే రిపీటరు పెడతారు. తనకే వినపడని చోట కూర్చుని అది ఏం పలకగలదు? ముందరి పెట్టె మాట ఇంకా గట్టిగా వినపడే చోట, నడిదారిలో పెట్టాలి. మేం దాన్ని తొట్టి అంచున, వాకిళ్ళు రెండూ ఎదురెదురుగా కనపడే స్తంభం దగ్గరికి మార్చాం. గోడ ఒకటి తప్పింది. సగటు 310 నుంచి 90కి దిగింది. ఇది పోయి రావడానికి పట్టే సమయం, ఇందులో సగం కూడా పైన రాసిన, మాకు మిగిలిన 30 కంటే ఎక్కువే, అందుకే అక్కడ ఆగలేదు.

తీగ లాగాలని నిర్ణయించాం. క్యాట్ 6 కేబులు, చూరు వెంబడి తొట్టి చుట్టూ తిప్పి, 27 మీటర్లు. ఇట్లాంటి తీగ 100 మీటర్ల దాకా తడబడకుండా పనిచేస్తుంది. ఇక్కడ మేం చేసిన తప్పులు కూడా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తాయి. మొదట తీగను రెండో రౌటరులో వాన్ అని రాసిన రంధ్రంలో గుచ్చాం. దాంతో అది తన కింద వేరే కాపురం పెట్టింది. వెనకకట్టు ఫోన్లకు ముందరకట్టు ప్రింటరు కనపడలేదు, బయటికి పోయే ప్రతి కబురూ చిరునామా రెండుసార్లు మార్చుకుని పోవలసి వచ్చింది. అదీగాక రెండు రౌటర్లకూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చిరునామా ఒకటే, 192.168.1.1. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే నంబరు ఉన్నట్టు. తీగను లాన్ అని రాసిన రంధ్రం నుంచి లాన్ రంధ్రానికే గుచ్చాలి. రెండోదాని చిరునామా 192.168.1.2గా మార్చాలి. చిరునామాలు పంచిపెట్టే పని, డిహెచ్‌సిపి అంటారు, ముందరిదానికే వదిలి రెండోదానిలో ఆపేయాలి. ఇవన్నీ చేశాక ఇల్లంతా ఒక్కసారిగా నెట్ ఆగిపోయింది. రౌటర్ల దీపాలన్నీ పిచ్చెత్తినట్టు మిణుకుమన్నాయి. తీగ గుచ్చాం గానీ, పాత వైర్‌లెస్ కలయికను ఆపలేదు. రెండు దారులుండేసరికి అందరికీ అని పంపిన కబురు ఒక దారిన పోయి ఇంకో దారిన తిరిగొచ్చి, గానుగెద్దులా తిరుగుతూనే ఉండిపోయింది. రిపీటరు మోడ్ ఆపిన మరుక్షణం అంతా సర్దుకుంది. అవ్వ దగ్గర నుంచి ముందరి రౌటరుకు పింగ్: 2 మిల్లీసెకన్లు. ఎనిమిది నెలల బాధ, కొన్ని వందల రూపాయల తీగ.

మధురలో మా చెల్లెలింటి సంగతి పూర్తిగా వేరు. అదీ చెప్పాలి, ఎందుకంటే మీరు రాసే ఒక్క నిబంధన రెండిళ్ళకూ పనికిరావాలి. గుడి చుట్టూ మాసి వీధుల లోపల వాళ్ళుండేది. సన్నగా పైకి లేచిన మూడంతస్తుల ఇల్లు, రెండు పక్కలా గోడకు గోడ. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు వాళ్ళకు నడక దూరం. అక్కడ గోడ బాధ తక్కువ, మంది బాధ ఎక్కువ. కింద ఒక రౌటరు, మేడ మీద ఒకటి, వైర్‌లెస్‌గా కలిపినవి. ఫోనులో చుట్టుపక్కల వైఫైల పట్టిక తెరిస్తే ముప్పై నాలుగు పేర్లు కనపడ్డాయి. 2.4 పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి మూడే ఛానళ్ళు: 1, 6, 11. ముప్పై నాలుగు ఇళ్ళు మూడు గదుల్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు. బావగారు ఎవరూ లేరు కదా అని ఛానలు 3 పెట్టారు. దానివల్ల 1వ వాళ్ళ రొదా, 6వ వాళ్ళ రొదా రెండూ ఈయనకే తగిలాయి. పక్క ఛానలు వాళ్ళ మాట రౌటరుకు మాటగా అర్థం కాదు, వట్టి రొదగా వినపడుతుంది. కాబట్టి వాళ్ళు ఆగేదాకా ఆగి తన వంతు తీసుకోవడం కూడా కుదరదు.

వాళ్ళకు దారి చూపింది 5 గిగాహెర్ట్జ్. మన దేశంలో 2005లో 2.4 పట్టీకి లైసెన్సు అవసరం లేకుండా చేశారు, 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ దగ్గర 605 మెగాహెర్ట్జ్‌ను అట్లాగే వదిలారు. ఆ తరంగాలు గోడలు దాటడంలో బలహీనం. మాకు అది శాపం, మధురకు వరం. పొరుగువాళ్ళ తరంగాలు వీళ్ళింట్లోకి పెద్దగా రావు, వీళ్ళవి బయటికి పెద్దగా పోవు. మెట్ల సందులో ఒకదానికొకటి కనపడేట్టు రెండు రౌటర్లనూ పెట్టి, వాటి నడుమ కలయికను 5కి మార్చి, పాత ఫోన్లకోసం 2.4ను ఛానలు 11లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకు కుదించారు. పింగ్ 200 నుంచి 6కు దిగింది. తీగే లేదు, ఖర్చే లేదు. ఒకే కంప్లయింటు, రెండు ఊళ్ళు, రెండు వేరు వేరు మందులు. దూరం నుంచి ఫోనులో "రీస్టార్ట్ చేయండి" అని చెప్పడం ఈ రెంటిలో దేనికీ మందు కాదు.

ఇక మా ఇంట్లో తీగ లాగాక కూడా తీరనిది ఒకటుంది. ఏడు గంటలకు ముందరకట్టులో ఎవరైనా పెళ్ళి ఫోటోలో వీడియోలో పైకి ఎక్కిస్తే, అవ్వ మాట మళ్ళీ తడబడుతుంది. ఈసారి ఎద్దులు నిలిచింది గోడ దగ్గర కాదు, ముందరి పెట్టె గుమ్మంలో. ఫోటోలు వేలకొద్దీ వరుస కడతాయి, పెట్టె వాటిని పారేయకుండా లోపల దాచుకుంటుంది, అవ్వ "తింటివా" ఆ వరుస చివర నిలబడుతుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి ఊరూరా చాటాడు. 2012లో క్యాథలీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ దీనికి కోడెల్ అనే పద్ధతి ప్రకటించారు. వరుసలో ఎంతసేపు నిలబడ్డారో చూసి, మితిమీరితే వరుసను తెంపే పద్ధతి అది. మందు పాతదే, ఉచితంగా దొరుకుతుంది. నేను కొన్న రౌటరులో అది ఉంది కూడా. అయితే అది గుమ్మంలో ఉండాలి, వెనకకట్టులో కాదు. గుమ్మంలో ఉన్నది సంస్థ ఇచ్చిన పెట్టె. దాని లోపలి పాస్‌వర్డు నాకు ఇవ్వరు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే దారి మాత్రం ఇచ్చే పెట్టెగా, ఉంచి నా రౌటరును ముందుకు రానివ్వమంటే, ఇళ్ళ కనెక్షన్లకు అట్లా ఇవ్వడం లేదన్నారు. నా ఇంటి వాకిలి తాళంచెవి నా దగ్గర లేదు.

మిమ్మల్ని నేను అడిగేది ఇక్కడ మొదలవుతుంది. 2024 ఆగస్టులో మీరు తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో ఆలస్యానికీ కొలత పెట్టారు, అందుకు కృతజ్ఞుణ్ణి. అయితే ఆ కొలత సంస్థ నెట్‌వర్క్ గురించి. నాకు కావలసింది మనిషి కూర్చునే చోటి కొలత. లైను బిగించడానికి వచ్చిన మనిషి పెట్టె పక్కన ఒకసారి, ఇంటివాళ్ళు వాడే దూరపు గదిలో ఒకసారి, ఫోటోలు ఎక్కుతుండగా ఒకసారి పింగ్ చూసి, మూడు అంకెలూ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలని మీరు ఆదేశించాలి. అంకెలు బాగాలేకపోతే వాళ్ళకు జరిమానా వేయమనడం లేదు. నా గోడకు వాళ్ళు బాధ్యులు కారు. జబ్బు ఎక్కడుందో ఆ రోజే తెలిస్తే చాలు, తీగకు వందలు పెట్టాలో, రౌటరు చోటు మార్చాలో, ఛానలు మార్చాలో ఇంటివాళ్ళు తేల్చుకుంటారు. ఆ కుర్రాళ్ళకు ఈ మూడు పింగులు నేర్పడానికి ఒక పూట చాలు. వాళ్ళ జీతం ఎన్ని కంప్లయింట్లు మూశారన్న లెక్క మీద కాకుండా, ఎన్ని తీర్చారన్న లెక్క మీద ఉండాలని కూడా మీరు చెప్పగలిగితే బాగుంటుంది.

నా గుమ్మంలో నా రౌటరు పెట్టుకునే హక్కు నాకు ఇవ్వాలి. ఇది ఎక్కడా లేని కోరిక కాదు. ఐరోపా సమాఖ్య 2015లోనే తన చట్టంలో, వాడుకునేవాళ్ళు తమకు నచ్చిన పరికరం వాడుకోవచ్చని రాసింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి లైను ఇచ్చే సంస్థ తన పెట్టెనే వాడాలని ఎవరినీ బలవంతపెట్టే వీలు లేకుండా పోయింది. మన దగ్గర కనీసం అడిగినవాళ్ళకు బ్రిడ్జ్ మోడ్ ఇవ్వాలన్న ఒక్క వాక్యం చాలు.

2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చారు. కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకు, ఆఫీసులకు అది మంచి మాట. మా తొట్టికట్టు ఇళ్ళకు నక్షత్రాలు ఎవరూ వేయరు, మాకు అవి అక్కర్లేదు కూడా. పాత ఇళ్ళకు గాజుతీగ తెచ్చేటప్పుడు, ఇంటి రెండో కట్టుదాకా మామూలు కేబులు లాగడానికి ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా చెప్పి, కావాలన్నవాళ్ళకు అదే రోజు లాగించండి. చుట్టాల్లో ఎంతమంది ఇళ్ళలో ముసలివాళ్ళు వెనకకట్టులోనే ఉంటారో నాకు తెలుసు. ఇంట్లో సిగ్నలు అందని గదులన్నీ వాళ్ళవే.

ఇంకొకటి. వాడకం వివరాల కాగితం ఇంగ్లీషులోనూ తమిళంలోనూ వస్తుంది, తమిళం మేం చదువుకుంటాం, దానికి ఇబ్బంది లేదు. చదవలేని పెద్దవాళ్ళకు మాత్రం వినే వీలుండాలి. రౌటరు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే రెండు నిమిషాల మాటను ఆయా ఇళ్ళ భాషల్లో, మా ఊళ్ళో అయితే తమిళం, తెలుగు, కన్నడం, మలయాళంలో, రికార్డు చేసి ఒక నంబరుకు పెట్టమనండి. బీరువా మీద పెట్టొద్దని అవ్వకు ఎవరైనా అవ్వ భాషలో చెప్పి ఉంటే, ఆమే మమ్మల్ని పెట్టనిచ్చేది కాదు.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి వేరుగా మీ కార్యాలయానికి పంపుతున్నాను, కొలతల పట్టికతో సహా. మీ మనుషులెవరైనా వస్తే నోటుపుస్తకం, తీగ పోయిన దారి, ఆ బీరువా, అన్నీ చూపిస్తాను.

తీగ లాగిన తర్వాత అవ్వ పొడుపుకథలు మొదలుపెట్టింది. పొడుపుకథకు వేగం కావాలి, వేసినవాళ్ళు ఊరిస్తుండగానే వినేవాడు జవాబు అందుకోవాలి, అప్పుడే నవ్వు వస్తుంది. పోయిన ఆదివారం వాడు రెండు విప్పాడు. మూడోదానికి తెలియక "నువ్వే చెప్పు అవ్వా" అన్నాడు, తెలుగులో. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అంతసేపూ నేను ముందరకట్టులో నిలబడి, ఎవరూ ఫోటోలు ఎక్కించకుండా చూస్తూ ఉన్నాను. మీ దగ్గర నుంచి బ్రిడ్జ్ మోడ్ సంగతి తేలేదాకా వచ్చే ఆదివారమూ అట్లాగే నిలబడతాను.

జవాబు కోసం ఎదురుచూస్తూ,

పీళమేడు, కోయంబత్తూరు నుంచి
ఒక చందాదారు